ఇంటి యుపచారములు: నీట బడిన కోడి, గాయపడిన కోడి



క్రిందటి నెలలో నొక పాఠిక యీ పుటకు వ్రాసిన జాబు సారాంశ మిది. ఆమె యింట నాలుగు కోళ్లు గలవు. అందొక పెట్టను, అది పిల్లగా నున్ననాటి నుండియు, ఆమె కుమార్తె తన చేతి నూకలతో బెంచినది. ముసురు పట్టిన యొక సాయంకాలమున నా పెట్ట కుడితితొట్టిలో బడెను. పైకి దీయునప్పటికి ప్రాణ ముండెను. అత్తగారు “చావకముందే కోయుట మేలు” అనిరి. పొరుగింటి యావిడ జాలితో బరుగెత్తి వచ్చి, వెచ్చదనము కలుగునని మిరియాల కషాయమును గరిటెతో నోట బోసెను. కోడి రెండుమాఱులు తల విదల్చి యూరకుండెను. “అది నీట మునిగి చచ్చినదా, మా చేతులలో జచ్చినదా? మా పిల్ల ప్రతిదినము నన్నడుగుచున్నది, నేనేమి చెప్పుదును?” అని యామె ప్రశ్న.

కోడి ప్రాణమునకు నింత చర్చ యేల యని కొంద ఱనుకొనవచ్చును. పల్లెలలో నాలుగు కోళ్లన్నచో నింటి యిల్లాలి సొంత సొమ్మని యర్థము. పొలము పైరు మగవారి లెక్కలోనికి బోవును. గ్రుడ్ల డబ్బు మాత్రము పోపులపెట్టెలో జేరి, పలకకును, రిబ్బనుకును, కష్టకాలమున మందునకును నక్కఱకు వచ్చును. మా వారి బడిలో జదువు పిల్లలలో బలువురి యిండ్ల నీ యేర్పాటే కలదు. చాణక్యనీతి కోడివలన నాలుగు గుణములు నేర్చుకొమ్మనుచున్నది: వేళకు మేల్కొనుట, పోరున వెనుదీయకుండుట, తనవారికి బంచిపెట్టుట, స్వయముగా సంపాదించినది తినుట. ఈ నాలుగును గల యిల్లాలికి నీ నాలుగును గల పక్షి తోడుండుట సహజమే. ఇక బిడ్డకో, అది తాను బెంచిన మొదటి ప్రాణి. దానియెడల మనము చూపు తెలివియు, దయయు బిడ్డ కన్నులారా చూచుచునే యుండును.

ఈ నెల చెప్పదలచినది యొక్క మాటలో జెప్పవచ్చును. ఆపదలో నున్న కోడికి మొదటి గంటలో గావలసినవి మూడు: వెచ్చదనము, పొడిదనము, నిశ్శబ్దము. నోట బోయునది యేదియు నీ మూటిలో లేదు. పాలు, కషాయము, సారాయి, పసుపునీరు, కడకు మంచినీరైనను, అప్పుడు నోట బోయుట ప్రాణమునకే ముప్పు.

కారణము కోడి శరీర నిర్మాణములో నున్నది. కోడి నోరు తెఱచి చూచినచో నాలుక మొదట నొక చిన్న చీలిక కనబడును. అదియే శ్వాసనాళపు ద్వారము. మనము మ్రింగునప్పుడు గాలిగొట్టమును గప్పెడి మూత వంటిది మన గొంతులో గలదు. పక్షి గొంతులో నట్టిది లేదు. ఆరోగ్యముతో నున్న కోడి తానుగా ద్రాగునప్పుడు నా చీలికను బిగించుకొనును. స్మృతి తప్పిన కోడి బిగించుకొనజాలదు. గరిటెతో బోసినది తిన్నగా నూపిరికే పోవును.

రెండవ భేద మిది. మనకు ఱొమ్మునకును గడుపునకును నడుమ నొక పొర యుండి, యది కదలుటచే నూపిరి యాడును. కోడికి నట్టి పొర లేదు. అది ఱొమ్ము టెముకను ముందు వెనుకలకు గదల్చియే గాలిని బీల్చును. కనుక భయముచేతనో ప్రేమచేతనో కోడిని ఱొమ్మున కదిమి పట్టుకొన్నచో, ముక్కు మూయకయే యూపిరి మూసినట్లగును.

మూడవది వేడిమి. మన శరీరోష్ణము 37 డిగ్రీలు కాగా, కోడిది సుమారు 41 డిగ్రీలు. ఈ వేడిని గాపాడునది యీకల నడుమ నిలిచిన గాలి. బాతు యీకలమీద నీరు నిలువక జాఱిపోవును. కోడి యీకలు త్వరలోనే చర్మము వఱకు దడిసిపోవును. తడిసినవెంటనే గాలి పోవును, గాలితో వేడియు బోవును. నీటినుండి బ్రతికి బయటపడిన కోడి గట్టున జలిచే జచ్చుట యిందువలననే.

ఇక చేయవలసిన పని. నీటిలో గొట్టుకొను కోడిని ఱెక్క పట్టియో కాలు పట్టియో లాగరాదు. రెండు చేతులతో ఱెక్కలను శరీరమున కానించి పట్టి యెత్తవలెను. ఎత్తినపిదప శరీరమును ముంజేతిపై నుంచి, తల కొంచెము క్రిందికి వాలునట్లు పది లెక్కపెట్టువఱకు బట్టుకొన్నచో నోటను ముక్కునను నున్న నీరు జాఱిపోవును. కాళ్లు పట్టి తలక్రిందులుగా ద్రిప్పరాదు; పొట్ట నొక్కరాదు. కుడితిలోనో బురదలోనో పడినచో, తడిగుడ్డ చుట్టిన వ్రేలితో నోటిలోని తవుడును మట్టిని మెల్లగా దీసి, ముక్కు రంధ్రములు తుడువవలెను.

పిమ్మట పొడి తువ్వాలుతో, ఈకలు వాలిన దిక్కుననే యద్దుచు దుడువవలెను. ఒక తువ్వాలు తడిసినచో మఱియొకటి తీసికొనుడు. పాత నూలుచీర ముక్కలు దీనికి మిక్కిలి తగినవి. తల యారబెట్టుకొను విద్యుత్ యంత్రమున్న యిండ్లలో దానిని తక్కువ వేడిమీద నుంచి, మూరెడు దూరమునుండి కదల్చుచు వాడవచ్చును. పైయీకలు పొడిగా గనబడినను లోని నూగు తడిసియుండును; వ్రేలితో విడదీసి చూడుడు. కుడితి జిగురు వదలలేదని యప్పుడే స్నానము చేయింపరాదు. అది మఱునాడు, కోడి కోలుకొన్నపిదప, ఎండవేళ గోరువెచ్చని నీటితో జేయవలసిన పని.

వెచ్చదనమునకు నట్టపెట్టె గాని గంప గాని చాలును. అడుగున బొడిగుడ్డ పఱచి, యొక ప్రక్కన మాత్రము వేడినీటి సీసాను మందపు గుడ్డలో జుట్టి యుంచవలెను. రెండవ ప్రక్క ఖాళీగా నుండవలెను. వేడి యెక్కువైనచో నది తొలగుటకు దారి యుండవలెను గదా! మన చేతికి హాయిగా దోచు వేడి చాలును. కోడి నోరు తెఱచి యొగర్చుచు ఱెక్కలను విప్పి యుంచినచో వేడి మించినదని తెలిసికొని సీసాను దీయుడు. సీసా చల్లారినచో మార్చుడు. పొయ్యిదగ్గఱ మాత్ర ముంచకుడు. పక్షి యూపిరితిత్తులు పొగకు మన యూపిరితిత్తులకంటె ద్వరగా జెడును.

పెట్టెపై గాలి యాడునట్లు పలుచని గుడ్డ గప్పి, చీకటిగా నుంచుడు. చూచుటకు వచ్చినవారందఱును మూత దీసి చూచుట, బిడ్డలు నిమిషమున కొకమాఱు నిమురుట, ఇవి కోడికి గ్రద్ద వచ్చి తాకినట్లే భయము గొల్పును. ఏడ్చుచున్న బిడ్డను దూరముగా బొమ్మనుటకంటె నొక పని యొప్పగించుట మేలు. గడియారము చూచి పావుగంట కొకమాఱు గుడ్డ సందునుండి యూపిరి యాడుచున్నదేమో చూచి చెప్పుమనుడు. చలికి బిగిసిన కోడి చచ్చినట్లే కనబడును. తోకక్రింది యీకలు లేచి పడుచున్నచో బ్రాణము గలదు. అట్టివి వెచ్చదనముతో లేచి నిలుచుటయు గలదు.

తల నిలిపి, కాళ్లపై నిలుచుండిన పిదపనే నీరు. అదియు బోయుట కాదు. లోతులేని పళ్లెములో గోరువెచ్చని నీ రుంచి, తడివ్రేలిని ముక్కు కొనకు దాకింపుడు. తానే త్రాగవలెను. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా యుప్పును (చెంచాపై గుప్ప లేకుండ) గలిపి యాదిన మిచ్చినచో బలము వచ్చును. తరువాత మెత్తని యన్నమో నానిన నూకలో కొంచెముగా బెట్టవచ్చును.

అటుపై మూడు దినములు గనిపెట్టియుండవలెను. ఊపిరిలో గురగుర వినబడినను, నోరు తెఱచి యూపిరి దీయుచున్నను, ఊపిరి దీసినప్పుడెల్ల తోక పైకి క్రిందికి నూగుచున్నను, తలమీది జుట్టు నీలి వన్నెకు దిరిగినను, నీ రూపిరితిత్తులకు బోయినదని యనుమానింపవలెను. అప్పుడు వంటయింటి మందులు పనిచేయవు, పశువైద్యుడు చూడవలసినదే.

ఇచ్చటనే జాబు వ్రాసిన సోదరికి సమాధానము చెప్పెదను. అమ్మా, కషాయ మూపిరికి బోయి యుండవచ్చును; కుడితి యంతకు ముందే పోయి యుండవచ్చును. ఆ రెంటిలో నేది యని యిప్పు డెవరును జెప్పజాలరు. పొరుగావిడ బోసినది దయతోనే గాని వేఱు గాదు; మనిషికి స్మృతి తప్పినను నోట నీరు పోయుట మన యూళ్లలో నింకను గలదు గదా! అత్తగారి మాటయు గఠినహృదయమున వచ్చినది గాదు. కఱవు చూచిన కాలపు వారికి బోవు ప్రాణిని వృథాగా బోనిచ్చుట పాపముగా దోచును. అయినను గుడితిలో మునిగినట్టియు, జబ్బు చేసినట్టియు, మందు పడినట్టియు గోడిని వండి తినుట యారోగ్యమునకు హాని యని వారికి నెమ్మదిగా జెప్పవలెను. పిల్లతో మాత్రము నిజమే చెప్పుడు: “అందఱమును దానిని బ్రతికింపవలెననియే చూచితిమి. ఏది చేయరాదో మనకు దెలియదు. ఇప్పుడు దెలిసినది.” ఒకరి తప్పని పేరు పెట్టినచో బిడ్డ మనసున నా పేరే నిలుచును, నేర్చిన పాఠము నిలువదు.

ఇక గాయముల సంగతి. రెండు కిలోల కోడి శరీరమున నుండు నెత్తు రంతయు నించుమించు 150 మిల్లీలీటర్లే. అనగా నొక కాఫీ గ్లాసెడు. కావున నెత్తురు కారుట చూచినచో దక్కిన పనులన్నియు మాని దాని నాపవలెను. కోడిని తువ్వాలుతో జుట్టి, కన్నులు గప్పినచో శాంతించును. శుభ్రమైన గుడ్డను గాయముపై నుంచి, అయిదు నిమిషములు తీయక యదిమి పట్టుడు. ఆగినదా యని మాటిమాటికి దీసి చూచినచో గట్టిన నెత్తురు మరల దెగును.

నెత్తు రాగినపిదప గడుగుట. అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో నొక చిన్న చెంచా యుప్పు గలిపి, దానిని ధారగా బోసి మట్టి యంతయు బోవునట్లు కడుగవలెను. గాయము చుట్టునున్న యీకలను గత్తెరతో గత్తిరింపుడు. పెఱుకరాదు, ఎదుగుచున్న యీకలో నెత్తురు గలదు. మందులదుకాణమున దొరకు నయోడిన్ మందును బలుచని తేనీటి రంగు వచ్చువఱకు నీటితో గలిపి యద్దవచ్చును. పసుపు పైపై గీతలకు హాని చేయదు. లోతైన గాయమున బొడి క్రుక్కినచో మురికి లోపలనే నిలిచిపోవును. కిరసనాయిలు, ఫినాయిలు, కాచిన నూనె మున్నగునవి యేవియు బనికిరావు. మన తలనొప్పి మాత్రలను బెట్టకుడు.

కుక్కయో, పిల్లియో, ముంగిసయో కఱచిన గాటు పైకి సూదిమొనయంత కనబడినను లోతుగా దిగియుండును. పిల్లి నోటిలోని సూక్ష్మజీవులు పక్షి నెత్తుటిలో జేరినచో నొకటి రెండు దినములలో బ్రాణము దీయగలవు. కఱచిననాడే వైద్యునివలన మందు దెచ్చుకొనవలెను. “తిరుగుచునే యున్నది గదా” యని యుపేక్షింపరాదు. కోడి బాధను దాచుకొను పక్షి, బలహీనత చూపినచో దన గుంపే పొడుచునని దానికి దెలియును. నిజముగనే పొడుచును. ఎఱ్ఱని గాయము కనబడిన కోడిని దక్కిన కోళ్లు చచ్చువఱకు బొడుచుట గలదు. కాబట్టి గాయము మానువఱకు వేఱు గంపలో, ఈగలు వ్రాలకుండ దోమతెర గుడ్డ గప్పి యుంచవలెను. వానకాలమున నీగ పెట్టిన గ్రుడ్లు నొక దినములోనే పురుగులగును.

కాలు విఱిగినచో, రెండు సన్నని వెదురుబద్దలకు దూది చుట్టి, కాలికి నిరుప్రక్కల నుంచి గుడ్డపట్టీతో గట్టవచ్చును. కట్టు క్రిందనున్న వ్రేళ్లు చల్లబడినను, ఉబ్బినను, కట్టు బిగిసినదని తెలిసికొని సడలింపుడు. ఱెక్క విఱిగినచో దానిని సహజముగా ముడుచుకొనునట్లే శరీరమున కానించి కట్టవలెను. ఱొమ్మునకు జుట్టు పట్టీ వదులుగా నుండవలెను, కారణము ముందే చెప్పితిని. పక్షుల యెముకలు త్వరగా నదుకును. మూడు వారముల విశ్రాంతి సాధారణముగా జాలును. ఎముక చర్మమును జీల్చి వెలుపలికి వచ్చినచో గట్టు మనము కట్టరాదు.

మెడ మెలితిరిగి, కాలో ఱెక్కయో చచ్చుబడిన కోడిని జూచి దెబ్బ తగిలినదని భ్రమపడుట గలదు. అది కొక్కెర తెగులు కావచ్చును. కుమావూను కొండలలోని రాణీఖేత్ పట్టణపు పేరుమీద మన దేశమున దానిని రాణీఖేత్ వ్యాధి యందురు. వచ్చినపిదప మందు లేదు, రాకుండ టీకా కలదు. ఒకేమాఱు పెక్కు కోళ్లు చచ్చుచున్నచో వానిని ముట్టక, కోయక, కాలువలో బాఱవేయక, పశువైద్యశాలకు వెంటనే తెలుపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బక్షిజ్వరము వచ్చి కోళ్లు చచ్చిన సంగతి మీరు మఱచియుండరు.

రెండు తెలుగు రాష్ట్రములందును 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య సేవవారు పలుకుదురు. ఆవునకు, గేదెకు మాత్రమే యని మొగమాటపడకుడు, కోడి సంగతియు నడుగుడు. మందు పడిన కోడి గ్రుడ్లను ఎన్ని దినములు తినరాదో వైద్యునే యడిగి తెలిసికొనుడు.

అన్నియు జేసినను నిలువని ప్రాణములు గలవు. పొట్ట చీలినదియు, వెన్ను విఱిగినదియు, ఊపిరికై గంటలతరబడి కొట్టుకొనునదియు మన కన్నీటితో బ్రతుకదు. అట్టిదానిని “దైవమున్నాడు” అని దినములు దినములు బాధపడనిచ్చుట దయ గాదు. వైద్యుడు సూదిమందుతో నొప్పి లేకుండ బంపగలడు. శిబిచక్రవర్తి పావురముకొఱకు దన మాంసము గోసియిచ్చెనని చదువుకొన్నాము. మననుండి యంతటి త్యాగ మెవరు నడుగరు. చూడజాలమని మొగము త్రిప్పుకొనక యా కొంతసేపు దానిదగ్గఱ నిలుచుటయే మనకు గల పని.

ఆపద రాకుండ జేయుట యన్నిటికంటె సులువు. కుడితితొట్టిపై బలక గాని, తడిక గాని మూయుడు. గోలెములో నొక యిటుకను మెట్టుగా నుంచినచో బడిన కోడి యెక్కి రాగలదు. పిల్లలకు నీరు పెట్టు పళ్లెములో గులకఱాళ్లు వేయుడు. వ్రేలెడు లోతు నీరును గోడిపిల్లకు బావియే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ వీధులు మునిగినప్పుడు నీ రెంత త్వరగా నిండ్లలోనికి వచ్చినదో చూచితిమి. పల్లపుటిండ్లవారు కోళ్లగూటిని నడుమెత్తు మంచెపై గట్టుట మేలు. వరద హెచ్చరిక వచ్చినప్పుడు గూటి తలుపునకు దాళము వేయకుడు.

ఒక డబ్బాలో నివి యుంచుకొనుడు: రెండు శుభ్రమైన తువ్వాళ్లు, దూది, గుడ్డపట్టీలు, కత్తెర, అయోడిన్ మందు, ఉప్పు, పంచదార, వేడినీరు పోయుటకు గట్టి మూతగల సీసా. వ్యయము స్వల్పము. మూతమీద “నోట నేమియు బోయరాదు” అని మీ పిల్లచేతనే పెద్ద యక్షరములతో వ్రాయింపుడు. ఆపద వేళ నందఱకును గనబడవలసిన మాట యదియే.

కోడిని ముట్టిన చేతులను సబ్బుతో గడుగుట మఱువకుడు. బిడ్డలు దానిని ముద్దు పెట్టుకొనకుండ జూడుడు. ఆరోగ్యముగా గనబడు కోడియందును మనకు విరేచనములు తెప్పించు సూక్ష్మజీవు లుండవచ్చును. వచ్చు నెలలో వానకాలపు నీటిని గాచి వడగట్టి నిలువచేయు విధానమును వ్రాసెదను. ఆ విషయమున సందేహములున్న సోదరీమణులు ముందుగా జాబు వ్రాసినచో సమాధానములు గూడ జేర్చెదను.